ఉమ్మడి కంప్యూటరు

“మా అబ్బాయి అమెరికాలో పై చదువు చదువుతున్నాడు. డిపార్టుమెంటు కంప్యూటరులో వాడికొక అకౌంటు ఇచ్చారట. దానికి డబ్బేమైనా కట్టాలా?” అని ఒక సోదరి రాశారు. అక్కర్లేదమ్మా. అది బ్యాంకు అకౌంటు కాదు, ఉమ్మడి ఇంట్లో ఒక గది.

ఆ ఇంటి పేరు తరచుగా యూనిక్స్. 1969లో బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అనేవారు దీనికి శంకుస్థాపన చేశారు. ఒకే యంత్రాన్ని ఎందరో ఏకకాలంలో వాడుకుంటారు. అది ఒకరి పని రవంత చేసి, పక్కవారిది రవంత చేసి, మళ్ళీ మొదటివారి దగ్గరకు వస్తుంది. పెళ్ళి పంక్తిలో వడ్డన లాంటిదే. కాకపోతే ఆ తిరుగుడు ఎంత చురుగ్గా వుంటుందంటే, ప్రతివారూ యంత్రం తమకోసమే కూర్చుందనుకుంటారు.

ఎవరి కాగితాలు ఎవరు చూడవచ్చునో అందులో ముందే చెప్పుకోవచ్చు: తాను, తన జట్టువారు, తక్కిన లోకం. చదవవచ్చునా, దిద్దవచ్చునా, నడిపించవచ్చునా అన్నది ఒక్కొక్కరికీ విడివిడిగా. మా ఉమ్మడి కుటుంబంలో ఇంత వివరం వుంటే సగం తగాదాలు వుండేవి కావు! మరో ముచ్చటైన సదుపాయం పేరు ‘నైస్’. “నా పనికి తొందర లేదు, ముందు ఇతరులది కానివ్వు” అని యంత్రానికి చెప్పడమన్నమాట. సాధారణంగా 19 మెట్ల దాకా దిగవచ్చు. మామూలు సభ్యుడు తన్నుతాను వెనక్కి జరుపుకోగలడేగాని, సున్నా దాటి ముందుకు తోసుకోలేడు.

ఆ అధికారం పెత్తందారుది. ఆయన్ని రూట్ అంటారు, అంటే వేరు. ఉమ్మడి సంసారంలో ‘వేరు’ అన్న మాట వినబడితే మనకు గుండె గుభేలుమంటుంది. అక్కడ ఆ వేరే అందర్నీ కలిపి వుంచుతుంది! ఆయన ఏ గది తలుపైనా తీయగలడు. ఇతరుల ఉత్తరాలు చదవడన్నది ఆయన మర్యాదేగాని, యంత్రం అడ్డుకోదు.

1990ల్లో మా చెల్లెలి కొడుకు అలాంటి ఇంట్లో వున్నాడు. మా మరిది పనిచేసే కాలేజీకి ఈమెయిలు వచ్చింది. చెల్లెలు చెబుతూంటే ఆయన టైపు చేసేవాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు చేసిన పద్ధతి ఒకటుండేది. చిన్న ‘టీ’ కొడితే ‘త’, పెద్ద ‘టీ’ కొడితే ‘ట’. మా మరిది చేతిలో తాతగారు ఎన్నిసార్లు ‘టాటగారు’ అయ్యారో!

ఆ ఉత్తరాల్లో ఆవకాయ కబుర్లూ వున్నాయి, తాతగారి ఆఖరి రోజులూ వున్నాయి. ఏప్రిల్‌లో ఆయన పోయారు. మేలో కుర్రవాడి చదువు ముగిసింది. వాడు ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్ళాడు. వేసవి చివరకు పాత విద్యార్థులు గదులు ఖాళీ చేయాలని డిపార్టుమెంటువారు నోటీసు పెట్టారు. ఎక్కడ? లోపల అడుగుపెట్టినవారికి మాత్రమే కనిపించే ఆనాటి ప్రకటనలో.

(ఈ ప్రకటనల ఆచారం పాతదే. 1966లో ఎం.ఐ.టి.వారి ఉమ్మడి యంత్రంలో, ప్రకటన వుండవలసిన చోట అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమయ్యాయి!)

గదులు ఖాళీ చేయించడం తప్పనను. చోటు కొలతగా వుంటుంది, కొత్తవాళ్ళు వస్తారు. కాని ఇల్లు విడిచిపోయినవాడికి నోటీసు పడగ్గది గోడకు అంటించడం ఏం న్యాయం? వాడి కొత్త చిరునామా ఆఫీసులో వుంది. నాలుగణాల కార్డు ముక్క రాస్తే పోయేది.

సంగతి తెలిసి వాడు పెత్తందారుకు ఫోను చేశాడు. పాపం, ఆయన మంచివాడే. రాత్రిళ్ళు నకలు తీసే టేపులను మళ్ళీ మళ్ళీ వాడేస్తారు గనుక అవి పనికిరాలేదు. టర్ముకొకసారి తీసి విడిగా దాచే టేపు వెతికి పట్టాడు. జనవరిది. అంతవరకూ వున్న ఉత్తరాలు తిరిగి వచ్చాయి. తరవాతి మూడు నెలలవీ రాలేదు. మా మరిది తన వైపు నకళ్ళు వుంచుకోలేదు. తాతగారు ఆఖర్న మనవడికి చెప్పించిన మాటలేమిటని అడిగితే చెల్లెలు ఒకటి చెబుతుంది, మరిది ఇంకొకటి చెబుతాడు.

కనుక సోదరీ, డబ్బు సంగతి వదిలేసి, అకౌంటు ఏ తేదీన మూస్తారో మీ అబ్బాయిని అడగండి. ఈ రోజుల్లో పిల్లలు ఫోనులోనే మాట్లాడతారు గనుక అందులో ఉత్తరాలు వుండకపోవచ్చు. థీసిస్ మాత్రం వుంటుంది. దాని నకలు తన దగ్గర వేరుగా ఒకటి పెట్టుకోమనండి, ఈ ఆదివారమే.