క్యాషియర్ జేబుకు కోత ఎందుకు?

సాయంత్రం కౌంటర్ మూశాక క్యాషియర్‌కు అసలు పని మొదలవుతుంది. కంప్యూటర్ చూపే మొత్తం, సొరుగులోని మొత్తం ఒకటి కావాలి. అయిదొందలు తగ్గినా కట్టలు విప్పి మళ్లీ లెక్కపెట్టాలి. స్లిప్పుల మీద రాసిన నోట్ల వివరాలు ఒక్కొక్కటే సరిచూడాలి, చెత్తబుట్ట వెతకాలి, పొద్దున్నుంచి వచ్చిన ఖాతాదారులకు ఫోన్లు చేయాలి. అప్పటికీ దొరక్కపోతే జేబులోంచి కట్టి ఇంటికెళ్లాలి. డబ్బు ఎక్కువ తేలితే మాత్రం అది బ్యాంకు లెక్కలో పడుతుంది. ఇది అన్యాయం.

లెక్కపెట్టే మిషన్లు వచ్చాయి కదా అంటారు. మిషన్ నోట్లు ఎన్నో చెబుతుంది. రద్దీలో రెండొందల కట్టకు బదులు అయిదొందల కట్ట కిటికీ దాటిపోతే అది ఆపలేదు. ఆ ఒక్క కట్టతో 30 వేలు పోయినట్టే. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక, విలువలో 86 శాతం నగదు బ్యాంకులకు తిరిగిరావాల్సిన ఆ వారాల్లో ఎందరో క్యాషియర్లు ఇలాగే చేతిడబ్బు పోసుకున్నారు. ఆ నిర్ణయం వాళ్లది కాదు, ఆ క్యూలూ వాళ్లు తెచ్చినవి కావు.

దొంగ నోటు సంగతి ఇంకా బాధ. నిబంధన ప్రకారం దానిమీద ముద్ర వేసి, జప్తు చేసి, రసీదు ఇవ్వాలి. తిరిగి ఇవ్వకూడదు, మార్చి ఇవ్వకూడదు. కూరగాయలమ్మి తెచ్చిన మనిషి, "నేనేమన్నా అచ్చేశానా బాబూ?" అని అడిగితే క్యాషియర్ ఏం చెబుతాడు? జాలిపడి వెనక్కిస్తే నేరం. చూడకుండా తీసుకుంటే ఆ నష్టం తన మెడకే.

నంద్యాలలో, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏళ్లతరబడి చదివి ఈ కొలువు తెచ్చుకున్న పిల్లలను కొన్ని శాఖల్లో చేరిన కొద్దిరోజులకే క్యాష్‌లో ఒంటరిగా కూర్చోబెడుతున్నారు. పైగా బీమా పాలసీలు కూడా అమ్మాలి. ఎస్‌బీఐ క్లర్కు పోస్టు పేరులోనే 'సేల్స్' చేరింది. వేలు నోటు మీద, మనసు టార్గెట్ మీద ఉంటే తప్పు దొర్లదా?

క్యాష్ చూసేవారికి ప్రత్యేక భత్యం ఉందన్న వాదన నాకు తెలుసు. అది బాధ్యతకు ఇచ్చేది, ప్రమాదాన్ని మొత్తం ఒకరి నెత్తిన వేయడానికి కాదు. కౌంటర్ పైన కెమెరా ఉంది. దురుద్దేశం కనబడితే చర్య తీసుకోండి. కనబడకపోతే ఆ లోటును బ్యాంకే భరించాలి. 2024 మార్చిలో కుదిరిన వేతన ఒప్పందం గడువు 2027లో ముగుస్తుంది. తర్వాతి చర్చల్లో ఉద్యోగ సంఘాలు ఈ డిమాండ్‌ను జీతాల పెంపుతో సమానంగా ముందుపెట్టాలి.