ప్రశ్నోత్తరములు: కఱవునాటి బాప్తిస్మము

ప్రశ్న: మా పూర్వులు కఱవులో గంజికొఱకు క్రైస్తవులైరని ఇరుగుపొరుగువారు ఎగతాళి చేయుచున్నారు. అట్టిది విశ్వాసమగునా? — ఉదయగిరి సోదరి.

ఉత్తరము: సోదరీ, ముందు జరిగినదానిని విచారింతము. 1876-78 నాటి ధాతు కఱవులో, అప్పటి నెల్లూరు మండలములోని ఒంగోలునందు క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు గొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. అది భిక్షాన్నము కాదు, చెమటోడ్చి సంపాదించిన కూడు. కూటికై వత్తురేమోయని, ఆ కఱవుపనుల కాలమున బాప్తిస్మము వేడినవారికిని ఆయన ఈయలేదు. పనులు ముగిసిన పిమ్మటను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారందఱి హృదయములు మన మెఱుగము, దేవు డెఱుగును.

ఇక లేఖనమును చూడుము. యోహాను సువార్త 6వ అధ్యాయమున ప్రభువు విశ్వాసము నడుగకయే అయిదువేలమందికి రొట్టెలు పెట్టెను. మరునాడు రొట్టెలకై వెదకివచ్చిన వారిని మందలించెను. ఆయన బోధ కఠినముగా దోచినపుడు అనేకులు మరలిపోయిరి, పండ్రెండుగురు నిలిచిరి. లూకా 15వ అధ్యాయమున తప్పిపోయిన కుమారుని ఇంటిదారి పట్టించినది ఆకలియే. తండ్రి అందులకు వానిని నిందింపక కౌగిలించుకొనెను.

కావున ఆకలి వాకిటికి దెచ్చుట దోషము కాదు. కూడు కరవైనప్పుడును నిలుచుటయే విశ్వాసము. అయినను పూర్వుల విశ్వాసము నీకు చాలదు. నీది నీవు నిలుపుకొనవలెను. ఎగతాళికి మాటతో బదులీయకుము. ఆకలిగొని నీ గడపకు వచ్చినవారికి, మతమడుగక, ఇంత పెట్టుము.