గజాల్లో కుదరకపోతే గుంటల్లో

షాద్‌నగర్‌లో నేల అమ్మడానికి రెండు కౌంటర్లున్నాయి. గజాల్లో అమ్మితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, గుంటల్లో అమ్మితే తహసీల్దార్ ఆఫీసు. నేల అదే, కొనేవాళ్లూ వాళ్లే. డాక్యుమెంట్ రైటర్‌ని కాబట్టి రెండు చోట్లా నాకు పని దొరుకుతుంది. ఆ లెక్కన నోరు మూసుకుని కూర్చోవడమే నాకు లాభం.

2020 ఆగస్టు 26న రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి ఒక మెమో వచ్చింది: అనుమతి లేని లేఔట్లలో ప్లాట్లు రిజిస్టర్ చేయొద్దని. ఐదు రోజులకే 131 నంబరు జీవోతో ఎల్‌ఆర్‌ఎస్, అంటే అలాంటి లేఔట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం, ప్రకటించారు. సెప్టెంబరులో రిజిస్ట్రేషన్లన్నీ ఆగాయి. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలై, వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ల చేతికి పోయింది. ప్లాట్లు, ఇళ్లు మాత్రం డిసెంబరు నడిమి దాకా కదల్లేదు.

దొంగ లేఔట్లను ఆపాలనుకోవడం తప్పని నేననను. మోరీ లేదు, పార్కు లేదు, సున్నంతో గీసిన గీతే రోడ్డు. అలాంటివి ఆపాల్సిందే. కానీ ఆపింది ఒక కౌంటర్‌లోనే. వెంచర్ల వాళ్లు బ్రోచర్‌లో ‘ప్లాట్’ తీసేసి ‘ఫామ్ ల్యాండ్’ అని అచ్చేసుకున్నారు. 121 గజాలు ఒక గుంట. 605 గజాల ప్లాటు కాస్తా ఐదు గుంటల పొలమైంది. వ్యవసాయేతర భూమిగా నాలా మార్పిడి అక్కర్లేదు, లేఔట్ అనుమతి అక్కర్లేదు. పొలానికి రెరా ఏంటని ఏజెంట్లు ఎదురు ప్రశ్న వేస్తారు. పైగా పట్టాదారు పాసుపుస్తకం వస్తుంది, రైతుబంధు కూడా పడుతుందని ఊరించేవారు. చుట్టూ ఫెన్సింగ్, మూలకు రెండు మామిడి మొక్కలు, మధ్యలో ముప్పై అడుగుల దారి. పొలంలో ముప్పై అడుగుల దారి ఏ నాగలి కోసమో ఎవరూ అడగరు. తహసీల్దార్ తప్పు పట్టడానికీ లేదు. ఆయన ముందుకు వచ్చేది సర్వే నంబరు, విస్తీర్ణం, పాసుపుస్తకం. కాగితం మీద అది పొలం అమ్మకమే.

పెంజర్ల దగ్గర కంపెనీలో పనిచేసే ఒక పిల్లగాడు కేశంపేట రోడ్డులో ఐదు గుంటలు బేరం చేసుకుని నా దగ్గరికొచ్చాడు. “పాసుబుక్కు వస్తది గదన్నా, రేపు ఇల్లు కట్టుకుంటే ఎవలాపుతరు?” అన్నాడు.

“ఇల్లు ఆపేది తర్వాతి ముచ్చట తమ్మీ, ముందు లోను ఎవలిస్తరో అడిగి రాపో” అన్నాను.

అడిగి వచ్చాడు. బ్యాంకులో ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వరు కూడా. ఢిల్లీ హైకోర్టు ఆదేశాల తర్వాత 2006లో రిజర్వ్ బ్యాంకు తేల్చి చెప్పింది: మంజూరైన ప్లాను లేనిదే ఇంటి అప్పు లేదు, అనుమతి లేని కాలనీలకు అసలే లేదు. బిల్డరు భూమి కొనడానికి కూడా బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. అప్పట్లో గవర్నరు మన కడప జిల్లా మనిషి వై.వి. రెడ్డి. వాణిజ్య రియల్ ఎస్టేట్ అప్పుల మీద రిస్కు వెయిటేజీని 2005లో 100 నుంచి 125 శాతానికి, మరుసటేడు 150కి పెంచారు. అంటే అలాంటి అప్పు ఇచ్చే బ్యాంకు తన మూలధనం అంత ఎక్కువ పక్కన పెట్టుకోవాలి. పెరుగుతున్న రంగానికి కళ్లెం వేస్తున్నారని చాలామంది విసుక్కున్నారు. 2008లో అమెరికా బ్యాంకులు ఇళ్ల అప్పుల్లో మునిగినప్పుడు మన బ్యాంకులు నిలబడ్డాయంటే ఆ కళ్లెం ఒక కారణం. నియంత్రణ అంటేనే దండగ అనేవాళ్లు నా మట్టుకు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి.

అయితే బ్యాంకు తలుపు మూసినంత మాత్రాన కొనేవాడు వెనక్కి పోలేదు. ఆ పిల్లగాడు భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టాడు, చిట్టీ ఎత్తాడు, తక్కువ పడ్డ 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఏడాదికి 1,20,000 వడ్డీ. అదే 8 శాతం ఇంటి అప్పయితే 40,000. మిగతా 80,000 వాడి ఖర్మ. బ్యాంకుల పద్దుల్లో ఈ అప్పు ఎక్కడా కనబడదు, కాబట్టి అంతా క్షేమంగానే ఉన్నట్టు లెక్క.

అనుమతి ఉన్న ప్లాటుకైనా ఇబ్బంది తప్పదు. దస్తావేజులో చాలాసార్లు సర్కారు విలువే రాయిస్తారు. అసలు ధర ఇద్దరి నోళ్లలో ఉంటుంది. ఆస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి చట్టం ఉన్నా, అది మా వీధి దాకా వచ్చినట్టు లేదు. బ్యాంకు చూసేదేమో కాగితం మీది అంకె. కాగితం సన్నబడితే అప్పూ సన్నబడుతుంది, ఆ లోటు మళ్లీ రెండు రూపాయల వడ్డీ పూడుస్తుంది. 2021 జులైలో ఖాళీ స్థలాల కనీస విలువను గజానికి 100 నుంచి 200 చేస్తే అందరూ గోల పెట్టారు. నేను మంచిదే అన్నాను, మా వీధిలో నాకు తోడు దొరకలేదు. కానీ అదే రోజు రిజిస్ట్రేషన్ ఖర్చును 6 నుంచి 7.5 శాతానికి పెంచారు. విలువ పెంచి సుంకం తగ్గించి ఉంటే జనం నిజమైన ధర రాయించడానికి కొంతైనా ముందుకొచ్చేవారు. రెండూ ఒకేసారి పెంచితే దాచుకునే తెలివే పెరుగుతుంది.

ఇక ఎల్‌ఆర్‌ఎస్. 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2020లో వచ్చింది. చివరిసారి 25 లక్షల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. ప్లాటుకు దరఖాస్తు రుసుమే వెయ్యి, మొత్తం ఎంతో మీరే గుణించుకోండి. తర్వాత నాలుగేళ్లు ఎక్కువ భాగం కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కదిలించారు. పనిలో పనిగా, 2020 ఆగస్టు 26 నాటికే పదో వంతు ప్లాట్లు రిజిస్టరైన లేఔట్లలో అమ్ముడుపోనివాటికీ దారి తెరిచారు. లేఔట్ గీసినవాడికి అది కానుకే. ఫీజు కట్టేది మాత్రం ఎక్కువగా కొన్నవాడే. గీసినవాడు ఈపాటికి పక్క మండలంలో హద్దు కడీలు పాతుతున్నాడు, “ఎప్పటికైనా ఎల్‌ఆర్‌ఎస్ వస్తది” అని ధైర్యం చెబుతూ అమ్ముతున్నాడు. ఆ మాట అబద్ధమని నేనూ చెప్పలేను.

2016 అక్టోబరులో షాద్‌నగర్‌ను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంగారెడ్డికి మార్చారు. ఊరు అంగుళం జరగలేదు, బ్రోచర్లలో మాత్రం హైదరాబాద్ పక్కకొచ్చి కూర్చుంది. అప్పటి నుంచి కడీలు నాటిన నేల ఎంత ఉందో కేశంపేట, కొందుర్గు రోడ్లలో పోతే కనబడుతుంది. జొన్న లేదు, ఇల్లూ లేదు. ఇల్లు కడితే మేస్త్రీకి, కంకర లారీకి, కరెంటు పనివాడికి, కిరాణా కొట్టుకు నాలుగు రూపాయలు తిరుగుతాయి. కడీ పాతితే పాతినవాడికి ఒకరోజు కూలి. లోకానికి ఇళ్లు కట్టిపెట్టిన పాలమూరు మేస్త్రీ ఈ కడీలు చూసుకుంటూనే పనికి పట్నం బస్సెక్కుతున్నాడు.

నేనడిగేది పెద్దదేం కాదు. దస్తావేజు మొదటి పేజీలో, కొనేవాడి పేరు పక్కనే, ఈ నేల మీద ఇల్లు కట్టుకోవచ్చా లేదా, అనుమతి నంబరు ఎంత అన్నది రాయడం తప్పనిసరి చేయాలి. గజాలైనా గుంటలైనా, రెండు కౌంటర్లలోనూ. క్రమబద్ధీకరణ ఫీజు మొదట లేఔట్ గీసినవాడి నుంచి వసూలు చేయాలి, వాడు దొరకకపోతేనే కొన్నవాడి జోలికి రావాలి. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి చట్టంలో అమ్మకం దస్తావేజుకు సర్వే పటం జతచేయాలన్న మాట ఉంది. ఒకే సర్వే నంబరులో ఐదేసి గుంటల ముక్కలు, వాటి నడుమ దారి ఆ పటంలో కనబడితే, అది పొలం కాదు లేఔట్ అని ఆపే అధికారం తహసీల్దార్‌కు ఉండాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఆ జీవో వస్తే తహసీల్దార్ ఆఫీసు దగ్గర నా రాబడి సగం పోతుంది.