ఇంట్లో ఎంతమంది?

జగ్గయ్యపేటలో అద్దె ఇల్లు వెతుక్కునే మాదిగ కుటుంబానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది ‘మీరేమిటోళ్లు?’ రెండవది ‘ఇంట్లో ఎంతమంది?’ మొదటిది అడగడానికి మొహమాటపడే చదువుకున్న యజమాని రెండవదానితోనే పని కానిస్తాడు.

నా చిన్నతనంలో మేము నందిగామలో అద్దెకు ఉన్నాం. అమ్మా నాన్నా, ముగ్గురు పిల్లలం, నానమ్మ, పెళ్లికాని మేనత్త. ఏడుగురమంటే ఇల్లు దొరకదని నాన్న ఐదుగురమేనని చెప్పేవాడు. అడిగినవారికి నానమ్మా అత్తా ఊరినుంచి చూడటానికి వచ్చిన చుట్టాలు. నీళ్లకు మనిషికింత అని వసూలు చేసే ఒక ఇంట్లో ఆ అబద్ధం ఎండాకాలందాకా కూడా నిలవలేదు. సామాను మళ్లీ రిక్షా ఎక్కింది.

యజమాని ఇంత శ్రద్ధగా అడిగే ప్రశ్నను ప్రభుత్వం బియ్యం దగ్గర మాత్రమే అడుగుతుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం సాధారణ కార్డుపై మనిషికి నెలకు 5 కిలోలు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి తలల లెక్క మాయమై కార్డు లెక్క మిగులుతుంది. 2020 డిసెంబరు 25న మొదలైన పట్టాల పంపిణీలో పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర; ఇద్దరున్నా ఎనిమిది మంది ఉన్నా అంతే. దానిలో కట్టిన ఇల్లు 340 చదరపు అడుగులు. ఏడుగురికి పంచితే మనిషికి 49 అడుగులు కూడా రాదు. ఒక నులకమంచం, దాని చుట్టూ తిరగడానికి కాస్త చోటు.

ఆదాయ పరిమితిదీ అదే తీరు. బియ్యం కార్డుకు పల్లెలో నెలకు పది వేలు, పట్టణంలో పన్నెండు వేలు అని గీత గీశారు. ఆ గీత కుటుంబంతో పాటు పెరగదు. ఇద్దరు కొడుకులు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలికి వెళ్లి, తల్లి మిరప కోతకు వెళితే ఇల్లు గీత దాటుతుంది. వారిమీద ఆధారపడి తినే నోళ్లను ఎవరూ లెక్కించరు. అమెరికాలో 1974 నుంచి నడుస్తున్న ‘సెక్షన్ 8’ అద్దె సాయంలో నలుగురి కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకుని, ఆపై ప్రతి మనిషికీ ఆదాయ పరిమితిని 8 శాతం చొప్పున పెంచుతారు. ఎన్ని పడకగదులకు సాయమివ్వాలో కూడా మనుషుల సంఖ్యను బట్టే నిర్ణయిస్తారు. అక్కడేదో స్వర్గముందని కాదు. అర్హుల్లో ఎక్కువమంది వరుసలోనే మిగిలిపోతారు. కానీ లెక్క వేసే పద్ధతి మాత్రం ఉంది. మనకు పేద కుటుంబం చేతికి అద్దె సాయమే లేదు. 2020లో కేంద్రం తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకం కట్టేవారికి రాయితీలిచ్చింది, అద్దె కట్టేవారికి కాదు.

ఇది కుల ప్రశ్న ఎలా అవుతుందని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. మా మెట్ట పల్లెలకు (2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయినా మా నోట ఇంకా కృష్ణా జిల్లాయే) వెళ్లి చూడండి. ఊళ్లో కొడుకుకు పెళ్లయితే దొడ్లో మరో రెండు గదులు లేస్తాయి. వాడలో దొడ్డే లేదు. ఏనాడో సర్కారు ఇచ్చిన స్థలంలోనే మూడో తరం కాపురం పెడుతుంది, లేదా పట్నంలో అద్దెకు పోతుంది. ఊళ్లో ఉమ్మడి కుటుంబమని మెచ్చుకున్నదాన్నే వాడలో ఇరుకు అంటాం. పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన దృష్టిలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఆ నిర్వచనంలో మా నానమ్మ లేదు, మేనత్త లేదు.

అంటరానితనం పేరుతో ఒకరిని ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో నివసించకుండా అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం నేరం. అయితే ‘మీరు ఎక్కువమంది కదండీ’ అన్న మాటకు ఏ పోలీసు కేసు రాస్తాడు? కుటుంబ పరిమాణం అలా కులానికి మర్యాదైన ముసుగవుతోంది. ఆ ముసుగు తీయాలంటే, మనిషి పెరిగితే సాయమూ పెరగాలి. అప్పుడు పెద్ద కుటుంబం యజమానికి బరువుగా కనిపించదు.

పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు ఇస్తామని ఇప్పటి కూటమి 2024 ఎన్నికలకు ముందు హామీ ఇచ్చింది. సెంట్లు పెరగడం మంచిదే, కానీ లెక్క మళ్లీ పాతదే. ఆదాయ పరిమితిని తలల ప్రకారం సవరించడానికీ, జగ్గయ్యపేట, నందిగామ వంటి పట్టణాల్లో ఐదుగురికి మించిన ఎస్సీ కుటుంబాలతో అద్దె సాయం మొదలుపెట్టడానికీ కొత్త సర్వే అక్కర్లేదు. ఎవరింట్లో ఎందరున్నారో ప్రతి నెలా బియ్యం తూచే డీలరు పుస్తకంలోనే ఉంది.