ఈ ఊరి కొత్తపాటకు మన చెవులేల మూతపడినవి?

బెంగుళూరులో తెలుగువారి సంఘము ఏదైనను ఉగాది సభ చేసినప్పుడు, కార్యక్రమపట్టిక చేతికి రాకముందే అందులో ఏమున్నదో మనము చెప్పగలము. ప్రార్థన, పంచాంగశ్రవణము, అధ్యక్షోపన్యాసము, శాలువల సన్మానము, పిల్లల నృత్యము, ఆ పిమ్మట రాత్రి తొమ్మిది గంటలదాక సినిమాపాటల కచేరి. ఆ పాటలలో సగము మన యౌవనమునాటివి. తక్కిన సగము నిరుడు హైదరాబాదులో విడుదలయిన చిత్రములలోనివి. ఈ ఊరిలో పుట్టిన పాట ఒక్కటియు నుండదు. సభ ముగిసి విస్తళ్ళముందు కూర్చున్నప్పుడు మాత్రము అందరి నోటను ఒకటే మాట: “మన పిల్లలకు తెలుగు పోవుచున్నదండీ. శనివారము వచ్చినదా, ఆ గిటారుల గోలకు పరుగెత్తుచున్నారు.”

ఈ మాటలో న్యాయము లేదనియు, పిల్లల తప్పుకంటె మన తప్పే పెద్దదనియు చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. పెద్దలకు కోపము రావచ్చును. అయినను ప్రతియేడు అచ్చగు ఈ సంచికలో పొగడ్తలకు లోటు లేదు గనుక, ఒక్క నిష్ఠురమునకు చోటు దొరకకపోదు.

ముందుగా ఆ “గోల” యేదో తెలిసికొందము. సినిమా నిర్మాతల ప్రాపును, పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడియు లేక, నలుగురైదుగురు యువకులు తమ పాటను తామే వ్రాసికొని, తామే బాణీ కట్టి, తామే పాడి, తామే విడుదల చేయుదురు. పిల్లలు దీనినే ఇండీ సంగీతమనుచున్నారు. ఇండిపెండెంటు అను మాటకు అది కురుచరూపము. పగలు ఉద్యోగము, రాత్రి సాధన, సెలవునాడు కచేరి. ఈ పద్ధతి మన బెంగుళూరులో నిన్న మొన్న మొలచినది కాదు. “థర్మల్ అండ్ ఎ క్వార్టర్” అను దళము 1996లో ఇక్కడ పుట్టినది. ముగ్గురు మలయాళీలు, పావువంతు మలయాళీ యొకడు కూడిరి గనుక చమత్కారముగా ఆ పేరు పెట్టుకొనిరట. పొరుగుదేశమునుండి వచ్చి స్థిరపడినవారు తమ పుట్టుపూర్వోత్తరములను దాచుకొనక, నవ్వుచు ఊరి వేదికపై నిలుచుట ఎట్లో ఆ పేరే చెప్పుచున్నది. మనమో, మూడు నాలుగు తరములుగా ఇక్కడనున్నను, వేదికపై ఎప్పుడును అతిథులమే.

రఘు దీక్షిత్ దళము తొలి ఆల్బము 2008లో వచ్చినది. అందులో శిశునాళ షరీఫుగారి కన్నడ తత్త్వములు గిటారులతో వినిపించినవి. షరీఫుగారు 1819లో పుట్టి 1889లో గతించిన మహానుభావుడు. ఆ తత్త్వములను బడిపుస్తకములలోనైనను చదువని పిల్లలు ఆ బాణీలకు గొంతు కలుపుచున్నారు. “స్వరాత్మ” దళము తొలి ఆల్బము 2009లో వచ్చినది. రెండు రాష్ట్రములు తగవులాడుకొను కావేరి గోడు అందలి ఒక పాటకు విషయము. కావేరి తగవు పెచ్చుపెరిగి బస్సులు ఆగిన దినములలో ఈ ఊరి అల్పసంఖ్యాకుల గుండె ఎట్లు కొట్టుకొనునో మనకు తెలియును. అట్టి విషయముపై పాట కట్టినది ఆ పిల్లలు. మన సంఘ వేదికపై అట్టి పాట ఒకటియు పుట్టలేదు.

ఇక “ఆగం” అను దళమున్నది. కర్ణాటక సంగీతమును రాక్ వాద్యములతో జోడించుట వారి మార్గము. వారి మొదటి ఆల్బము 2012లోను, రెండవది 2017లోను వెలువడినవి. రెండవ ఆల్బములో త్యాగరాజస్వామివారి నళినకాంతి రాగకృతి “మనవ్యాలకించరాదటే” కలదు. దీనినిగూర్చి మా యింట జరిగిన ముచ్చట యొకటి చెప్పవలసియున్నది.

మా మనుమనికి తెలుగు వాచకము తెరచిన నిద్ర వచ్చును. వానికి మేము పెద్దబాలశిక్ష కొనియిచ్చితిమి, కోప్పడితిమి, బహుమానము ఆశపెట్టితిమి, ఫలము లేదు. ఒకనాటి సాయంకాలము వాడు ఫోనుతో వచ్చి, “తాతయ్యా, మనవ్యాల అంటే ఏమిటి?” అని అడిగినాడు. వాడు దానిని ఒకే పదమనుకొన్నాడు. మనవి, ఆలకించ అని విడదీసి చెప్పితిమి. ఆ మనవి యననేమని మరల అడిగినాడు. ఉద్యోగకాలమంతయు ఇతరుల మనవులు దస్త్రములలో ఎక్కించి, మా మనవులు పైవారికి వ్రాసికొనుచు గడపినవారము గనుక, ఆ మాట మాకు బాగుగనే తెలియును. వాడు విని, పాట మరల పెట్టి, ఈమారు మాటమాటకు ఆగుచు మాచేత అర్థము చెప్పించుకొన్నాడు. పది సంవత్సరములు మేము తెరవలేని తలుపు, మేము గోల యని తిట్టినది తెరచినది. ఆ రాత్రి మాకు సంతోషముకంటె సిగ్గే ఎక్కువ కలిగినది.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణలను ఒక్కొక్కటిగా చూతము.

గిటారు పరదేశి వాద్యమని మొదటి ఆక్షేపణ. ఫిడేలు ఏదేశమునుండి వచ్చినది? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని తెల్లవారి యొద్ద నేర్చి మన సంగీతములోనికి తెచ్చిరి. దానిపై తెలుగువారికి కీర్తి తెచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893లో ఈ బెంగుళూరులోనే జన్మించిరి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్తు మాండొలిన్ పట్టి కచేరికి కూర్చున్నప్పుడు, అదియు ఒక వాద్యమా యని పెదవి విరిచినవారు లేకపోలేదు. 2014లో ఆయన పరమపదించినప్పుడు అందరును కన్నీరు పెట్టిరి. వాద్యమునకు కులగోత్రములడుగుట మానుదము. పాట బాగున్నదా లేదా అన్నదే ప్రశ్న.

మన పూర్వుల సంగీతముండగా ఈ కొత్తవి ఎందులకని రెండవ ఆక్షేపణ. పూర్వుల సంగీతము పుట్టిన దినమున కొత్తది కాదా? త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందిరి. తమిళదేశములో స్థిరపడిన తెలుగు కుటుంబమువారు వారు. ఒక విధముగా ఈ సంచిక చదువు మనవంటివారే. తాతలనాటి పాటలతోడనే తృప్తిపడి, తెలుగుదేశమునుండి గాయకులను పిలిపించుకొని సంవత్సరమునకొకమారు పండుగ చేసికొని వారూరకున్నచో, మనకీనాడు ఆరాధన యేది, పంచరత్నములేవి? మైసూరు వాసుదేవాచార్యులవారు 1865 మొదలు 1961 వరకు జీవించి, కన్నడదేశమున తెలుగులోను సంస్కృతములోను కృతులల్లిరి. నంజనగూడులో 1878లో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తెలుగు కావ్యమైన రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించి, పిమ్మట తన సొత్తంతయు త్యాగరాజస్వామివారి సమాధికి వెచ్చించినది. అంతయేల, ఈ నగరము కట్టించిన కెంపేగౌడ పేర తెలుగు యక్షగాన మొకటి, గంగాగౌరీవిలాసము, చెప్పుకొనబడుచున్నది. తెలుగుదేశపు టెల్లలకు వెలుపల తెలుగు పాట పుట్టుట ఇంత పాత సంప్రదాయము. దానిని ఆపినది మనము. ఆపి, సంప్రదాయమును కాపాడుచున్నామని చెప్పుకొనుచున్నాము.

సినిమాపాటయే పిల్లల తెలుగును నిలుపుచున్నదని మూడవ మాట. ఇందులో కొంత నిజమున్నది, కాదనము. కాని ఆ పాట ఈ ఊరి తెలుగువానిని ఎరుగదు. ఇంట అమ్మతో తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, పక్కింట తమిళము. ఇన్నింటి నడుమ పెరిగిన పిల్లవాని తడబాటును, తమాషాను, హైదరాబాదులో కూర్చున్న కవి ఎట్లు వ్రాయును? అతని తప్పు కాదది. మన బ్రతుకు మనమే పాడవలెను. చెన్నపట్నమున ఉత్తరపు పేటలలోని పేదలు పాడుకొను గానా పాటను తీసికొని “కాస్ట్‌లెస్ కలెక్టివ్” అను దళము 2018లో వేదికనెక్కినది. తమ పేట, తమ మాట, తమ అవమానము అందులో వినబడినవి. హైదరాబాదులోనే “చౌరస్తా” దళము సినిమాతో నిమిత్తము లేక తెలుగులో పాటలు కట్టి జనమును చేరినది. కనుక తెలుగుకు ఈ పద్ధతి సరిపడదను మాటయు నిలువదు.

ఆ కచేరులు మద్యశాలలలో జరుగుననియు, చెవులు పగులుననియు నాలుగవ ఆక్షేపణ. ఇది చాలవరకు సత్యమే. మేము స్వయముగా ఒకమారు మనుమని వెంట పోయితిమి. కూర్చుండుటకు కుర్చీ లేదు. డ్రమ్ముల దెబ్బకు ఛాతీ అదరినది. మొదటి పావుగంట ఇంటికి పోవలెననియే అనిపించినది. అయినను అక్కడ మేము చూచినదొకటి చెప్పక తప్పదు. ఎవరును మాటలాడుకొనలేదు. రెండువందలమంది నిలుచుండి, తామెన్నడును వినని పాటను చివరిదాక వినిరి. మన సంగీతసభలలో ముందువరుస పెద్దలు తనియావర్తనమునకే కాఫీకి లేచిపోవుట ఆ క్షణమున మాకు జ్ఞాపకము వచ్చినది.

మరి వారు మద్యశాలలకేల పోవుచున్నారు? మరియొక చోటు లేదు గనుక. ఉన్న చోట్లును నిలువవు. ఇందిరానగరములో “హమ్మింగ్ ట్రీ” అను స్థలము 2013లో మొదలై ఇట్టి దళములకు పేరుగాంచి 2019లో మూతపడినది. ఇక మన సంఘములకు కొన్నింటికి సొంత మందిరములున్నవి. పెండ్లిండ్లు లేని దినములలో వాటికి తాళము వేయబడియుండును. మేమెరిగిన యొక సంఘములో ఇద్దరు కుఱ్ఱవాండ్రు, మన బిడ్డలే, తాము కట్టిన తెలుగు పాటలు వినిపించుటకు ఒక సాయంకాలము మందిరమడిగిరి. డ్రమ్ములు తెత్తురా యని కార్యవర్గము విచారించినది. తెత్తుమనిరి. “ఇది సంస్కృతీమందిరము నాయనా” అని చెప్పి పంపివేసిరి. ఆ మాసమే అదే మందిరములో సినిమాపాటల రాత్రికి డ్రమ్ములు వచ్చినవి, విద్యుద్వాద్యములు వచ్చినవి, నగరములోని పెద్ద స్పీకర్లన్నియు వచ్చినవి. నాడు చప్పుడు ఎవరికిని అభ్యంతరము కాలేదు. ఆ కార్యవర్గములో మేమును కూర్చుంటిమి, నోరు విప్పలేదు. అందుచేత ఈ వ్యాసములోని తిట్టు మొదట మాకే చెందును.

కచేరులను వెన్నంటి పోవుట మనకు కొత్త విద్యయు కాదు. చామరాజపేటలో శ్రీరామసేవామండలి 1939లో స్థాపింపబడినది. ఫోర్టు హైస్కూలు ఆవరణలో ఆ మండలివారి శ్రీరామనవమి కచేరులకు మన తండ్రులు చాపలు చంకబెట్టుకొని పోయెడివారు. ఏనాడు ఎవరు పాడుదురో పట్టిక కంఠస్థముగా నుండెడిది. మరునాడు అరుగులమీద చర్చలు సాగెడివి. 1905నాటి గాయనసమాజమునకు చందా కట్టుట గౌరవముగా నెంచెడివారు. నేడు మన మనుమలు చేయునదియు అదియే. ఏ శనివారము ఏ దళము ఎచ్చట వాయించును, ఎవరి కొత్తపాట ఏ శుక్రవారము విడుదలయగును అని లెక్క పెట్టుకొనుచున్నారు. తాతల గుణము మనుమలకు వచ్చినది. నడుమ మనమే తప్పిపోతిమి.

కావున ఏమి చేయవలెను? మేము కోరునది కొండంత కాదు. ఉగాది సభలో సినిమాపాటలకిచ్చు మూడు గంటలలో ఒక్క గంట, ఈ ఊరిలో పుట్టిన కొత్తపాటకు ఈయవలెను. సంఘ మందిరము నెలకొక సాయంకాలము అద్దె లేక యువదళములకు తెరువవలెను. అప్పుడు మద్యశాలలను నిందించుటకు మనకు నోరుండును. ఇంటికొక పెద్ద సంవత్సరమునకు రెండుమార్లయినను మనుమలవెంట టిక్కెట్టు కొని కచేరికి పోవలెను. ఫోనులో ఉచితముగా వినినందువలన పాడువానికి దక్కునది స్వల్పము. టిక్కెట్టు సొమ్మే వానిని మరుసటి పాటకు నిలుపును. ఎవరైన పిల్లవాడు తెలుగులో పాట కట్టి తెచ్చినచో మొదట వినవలెను. అందులో కన్నడపు మాట దొర్లినదనియు, ఒత్తు తప్పినదనియు తరువాత చెప్పవచ్చును. తప్పులు దిద్దుటకైనను ముందు పాట యుండవలెను గదా! ఈ సంచికలో ఆ యేడు మన బిడ్డలు కట్టిన పాటల పట్టిక ఒక పుటలో అచ్చు వేయవలెను. తొలియేడు ఆ పుట ఖాళీగా నుండవచ్చును. ఖాళీగానే వేయుదము. మనము సిగ్గుపడుటకు అదియొక ఆధారముగా నుండును.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవారందురు. మన పెరటిలోని పిల్లలు పాడుచున్నారు. మనము పొరుగూరి వైద్యునికి బండి కట్టుచున్నాము. మద్రాసు, పూనా, బరంపురము, యానాములలోని పెద్దలును తమ తమ పెరళ్ళు ఒకమారు చూచుకొందురుగాక.

మందిరమడిగి తిరిగిపోయిన ఆ ఇద్దరు కుఱ్ఱవాండ్రు నేటికిని ఈ ఊరిలోనే యున్నారు. ఇప్పుడు ఇంగ్లీషులో పాడుచున్నారని విన్నాము. వారిని మరల పిలువవలెనని వచ్చు సమావేశములో మేము తీర్మానము పెట్టుదుము. బలపరచువారు చేయి ఎత్తవలెనని మనవి.