అర్జునుడూ ఆయనే, ద్రోణుడూ ఆయనే

1990 ద్రోణాచార్య పురస్కార గ్రహీతలలో రమాకాంత్ అచ్రేకర్ పేరు అందరూ ఎరిగినదే. టెండూల్కర్ గురువు కదా! అదే జాబితాలో గుంటూరు జిల్లాకు చెందిన వాలీబాల్ శిక్షకులు అరికపూడి రమణారావు గారి పేరూ ఉంది. అది మనలో ఎందరికి తెలుసు? అంతకుముందే, 1977-78కి, ఆటగాడిగా అర్జున అందుకున్నవారాయన. ఆడటం ఒక విద్య, ఆడించడం వేరొక విద్య. రెండింటా జాతీయ గౌరవం పొందినవారు ఏ ఆటలోనైనా కొద్దిమందే.

మిరప కల్లాల పక్కన రెండు గుంజలు పాతి, వల కట్టి ఆడుకోగల ఆట ఇది. బ్యాట్లూ ప్యాడ్లూ కొననక్కరలేదు. అటువంటి పల్లెల ఆటను పక్కనబెట్టి మన పత్రికలు పుటలకు పుటలు క్రికెట్టుకే ధారపోయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. పతకాలు అద్దాల బీరువాలో భద్రంగానే ఉంటాయి. శిక్షకుడి విద్య అలా నిలవదు, శిష్యుల జ్ఞాపకాలతోనే పోతుంది. వాటిని గ్రంథస్థం చేయవలసింది గుంటూరువారే.