తొమ్మిదేళ్ళకే ‘మెరిట్’ వడపోత: దరఖాస్తు చేరని వాడలో ప్రతిభను వెతికేదెవరు?

నవోదయ పరీక్ష దగ్గర పడుతోందంటే మండల కేంద్రాల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. పోయిన ఏడాది సీటు కొట్టిన పిల్లల ఫొటోలు, కింద కోచింగ్ సెంటర్ ఫోన్ నంబరు. ఆ ఫొటోల్లో మన పిల్లలూ ఒకరిద్దరు కనిపిస్తే సంతోషపడతాం. కానీ అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని వాడ బడికి వెళ్ళి ఐదో తరగతి పిల్లలను అడగండి. అలాంటి పరీక్ష ఒకటుందన్న సంగతే తెలియని వాళ్ళు ఎక్కువ. ఊళ్ళు తిరుగుతున్నప్పుడు మాకు ఇది మళ్ళీ మళ్ళీ ఎదురైంది. పరీక్ష రాసి తప్పిన పిల్లల లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. అసలు ఆ గది గుమ్మం దాకా రాని పిల్లల లెక్క ఎవరి దగ్గరా లేదు. మేము మాట్లాడదలచుకున్నది ఈ రెండో లెక్క గురించే.

ప్రతిభ ఉన్న పిల్లలను చిన్నప్పుడే గుర్తించి, వాళ్ళకు మెరుగైన చదువు చెప్పాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1986 జాతీయ విద్యా విధానం దానికి ఇచ్చిన రూపమే జవహర్ నవోదయ విద్యాలయాలు. గ్రామీణ పిల్లలకు, డబ్బుతో పని లేకుండా, హాస్టల్‌తో సహా చదువు. ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష, ఆరో తరగతిలో చేరిక. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. ఎస్సీలకు కనీసం 15 శాతం, ఎస్టీలకు కనీసం 7.5 శాతం. మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం చూపించడం కష్టం. తమిళనాడు తప్ప దాదాపు దేశమంతా ఇవి ఉన్నాయి. 2024 డిసెంబరులో కేంద్రం మరో 28 నవోదయలకు ఆమోదం తెలిపింది. వాటిలో 7 తెలంగాణకే వచ్చాయి.

పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకి, మిగతా సగం లెక్కలకు, భాషకు. ఒక బడిలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. పిల్లకు జీవితంలో ఒక్కటే అవకాశం. రెండోసారి రాయడానికి లేదు.

వడపోత పరీక్ష రోజున మొదలవుతుందని అనుకుంటాం. కాదు, అది దరఖాస్తుతోనే మొదలవుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపాలి. హెడ్‌మాస్టర్ ధృవీకరణ కావాలి. ఫొటో, సంతకాలు అప్‌లోడ్ చేయాలి. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకునే బడిలో, ఆ టీచరు పనిగట్టుకుని ప్రతి ఇంటికీ చెబితే తప్ప ఈ పని జరగదు. అలా చెప్పే టీచర్లు ఉన్నారు. సొంత డబ్బుతో ఆటో మాట్లాడి పిల్లలను పరీక్షకు తీసుకెళ్ళే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు దండం పెట్టాల్సిందే. కానీ ఒక పిల్ల హక్కు, ఆ ఏడాది ఆ బడికి ఏ టీచరు బదిలీ మీద వచ్చారన్న దాని మీద ఆధారపడకూడదు.

ఇంకో నిబంధన చూడండి. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ గుర్తింపు పొందిన బడిలో, ఒక్కో ఏడాది పూర్తిగా చదివి ఉండాలి. చూడటానికి ఇది మామూలు షరతు. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వలసపోయే కుటుంబాలను తలచుకోండి. ఇటుక బట్టీలకు, పత్తి చేలకు, మిర్చి కోతలకు అమ్మానాన్నలతో పాటు పిల్లలూ పోతారు. నాలుగు నెలల తర్వాత తిరిగి వస్తారు. ఆ పిల్ల ఎంత చురుకైనదైనా ఈ నిబంధన ముందు నిలబడలేదు. వలసపోయే కుటుంబాల్లో ఎక్కువ మంది ఏ కులాల వాళ్ళో ఇది చదువుతున్న వాళ్ళకు చెప్పనక్కర లేదు. కులం పేరు ఎత్తకుండానే నిబంధన కులం పని చేసి పెడుతుంది.

ఆ తర్వాత కోచింగ్. మెంటల్ ఎబిలిటీ ప్రశ్నల్లో బొమ్మలే ఉంటాయి కాబట్టి పేద, ధనిక తేడా ఉండదని ఒక వాదన. కానీ వరసలో తర్వాతి బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది అన్న ప్రశ్నలను ఏడాది పాటు సాధన చేసిన పిల్ల, పరీక్ష హాల్లోనే మొదటిసారి చూసిన పిల్ల ఒకటి కాదు. అందుకే నవోదయ, సైనిక్ స్కూల్ పరీక్షల కోసం హాస్టల్‌తో నడిచే కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 బడిలో చేర్చుకునేందుకు పిల్లలను వడపోయకూడదని చెబుతుంది. ఆ చట్టం ఉన్న దేశంలోనే తొమ్మిదేళ్ళ పిల్లల మీద ఒక కోచింగ్ మార్కెట్ నడుస్తోంది.

మరి రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది, ఉండాలి. అది లేకపోతే ఈ బడుల గేట్లు మనకు ఎప్పుడో మూసుకునేవి. కానీ లెక్క వేసుకుందాం. 80 సీట్లలో 15 శాతం అంటే 12. జిల్లా జనాభాను బట్టి ఇంకొన్ని పెరగవచ్చు. ఒక జిల్లాలో ఐదో తరగతి చదివే దళిత పిల్లలందరికీ కలిపి ఆ కొన్ని సీట్లు. వాటి కోసం పోటీ పడేది కూడా దరఖాస్తు సంగతి తెలిసిన ఇళ్ళ పిల్లలే. సీటును రిజర్వేషన్ కాపాడుతుంది. ఆ సీటు ఉందన్న కబురును వాడ దాకా మోసుకురావడం దాని పని కాదు. ఆ పని ప్రభుత్వానిది. అదే జరగడం లేదు.

దీనికి మార్గం లేదా? అమెరికాలో ఇదే సమస్యపై జరిగిన ఒక పరిశోధన మనకు పనికొస్తుంది. ఫ్లోరిడాలో ఒక పెద్ద విద్యా జిల్లాలో, ప్రతిభావంతుల తరగతులకు పిల్లలను తల్లిదండ్రులో టీచర్లో సిఫారసు చేసేవాళ్ళు. నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు వాటిలో చాలా తక్కువగా ఉండేవాళ్ళు. 2005లో ఆ జిల్లా పద్ధతి మార్చింది. సిఫారసుతో పని లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ బడిలోనే ప్రాథమిక పరీక్ష పెట్టింది. అర్హత ప్రమాణాన్ని మార్చలేదు. అయినా ఆ తరగతులకు అర్హత పొందిన పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో 2016లో ఈ ఫలితాలను ప్రచురించారు. తర్వాత బడ్జెట్ కోతల్లో ఆ పరీక్ష ఆగిపోయింది. పెరిగిన సంఖ్య మళ్ళీ తగ్గిపోయింది.

అంటే ఆ పిల్లల్లో ప్రతిభ ముందు నుంచీ ఉంది. వెతికే చూపే వాళ్ళ దాకా పోలేదు. ‘మీ వాళ్ళలో మెరిట్ లేదు’ అని మనకు వందేళ్ళుగా చెబుతున్న మాటకు ఇంతకంటే సూటి జవాబు ఏం కావాలి? అడిగిన వాళ్ళలోనే వెతికితే దొరికేది ప్రతిభ ఒక్కటే కాదు. సమాచారం, తీరిక, ఇంట్లో చదువుకున్న మనిషి కూడా అందులో కలిసి దొరుకుతాయి. వాటన్నిటికీ కలిపి ‘మెరిట్’ అని పేరు పెట్టుకున్నాం.

ఇంకో ప్రశ్న ఉంది. నవోదయలు చుట్టుపక్కల బడులకు దారి చూపిస్తాయని 1986లో చెప్పారు. అక్కడి మంచి చదువు పక్క ఊళ్ళకు పాకుతుందని ఆశ. ఈ మాట మనం ముందే విన్నాం. పైవర్ణాలకు చదువు చెబితే అది కిందికి కారుతుందని బ్రిటిష్ వాళ్ళు నమ్మిన అధోముఖ వడపోత సిద్ధాంతం ఇదే. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే దాన్ని ఎదిరించారు. రైతుల, శూద్రుల, అతిశూద్రుల పన్నులతో పైవాళ్ళ కాలేజీలు నడుపుతూ, వాళ్ళ పిల్లల ప్రాథమిక విద్యను గాలికొదిలేశారని నిలదీశారు. ఫూలే అడిగి 140 ఏళ్ళు దాటింది. ఏసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్ళు 44.8 శాతమే. సగానికి పైగా పిల్లలు పాఠమే చదవలేని తరగతి గదిలో నిలబడి, మేము ప్రతిభను ఎంపిక చేస్తున్నాం అంటే ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న మన సాంఘిక సంక్షేమ గురుకులాలకూ వర్తిస్తుంది. గురుకులాలు మన గర్వం. పరిశోధన దాకా వచ్చిన దళిత, ఆదివాసీ విద్యార్థుల్లో ఎందరో అక్కడి మెట్లెక్కిన వాళ్ళే. కానీ అక్కడా ఐదో తరగతి ప్రవేశానికి పరీక్షే. చురుకైన పిల్లలు అటు వెళ్ళాక, వాడ బడిలో మిగిలిన వాళ్ళ గురించి అడిగే తల్లిదండ్రులు కూడా తగ్గిపోతారు. పిల్లలు తగ్గారని చెప్పి ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు.

ప్రతిభ ఎలా బయటపడుతుందో గురుకులాలే మనకు చూపించాయి కూడా. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి వచ్చిన పిల్ల. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. వాళ్ళలో ఆ సత్తా ఉందని ఏ బొమ్మల ప్రశ్నా చెప్పలేదు. ముందు భువనగిరి గుట్ట మీదికి తీసుకెళ్ళి తాడు చేతికిచ్చారు. సత్తా ఆ తర్వాత కనిపించింది. ముందు అవకాశం, తర్వాత కొలత. మన విద్యా వ్యవస్థ ఈ వరసను తిరగేసింది.

నవోదయలు మూసేయమని మేము అనడం లేదు. లెక్కల్లో అందరికంటే ముందున్న మాదిగ పిల్లకు, తండా పిల్లకు తన వేగానికి తగిన చదువు పొందే హక్కు ఉంది. ఆ పిల్ల చేత తరగతి ఊడిపించే బడులు ఇంకా ఉన్నాయని మనకు తెలుసు. అందుకే మా డిమాండ్లు ఇవి. నాలుగో తరగతి పిల్లలందరినీ వాళ్ళ బడిలోనే, దరఖాస్తుతో పని లేకుండా పరీక్షించాలి. వలస పిల్లలకు హాజరు నిబంధన సడలించాలి. ఎంపికైన వాళ్ళవే కాదు, దరఖాస్తు చేసిన వాళ్ళ కులం, బడి, ఊరు వివరాలు జిల్లాల వారీగా బయటపెట్టాలి. నవోదయ, గురుకుల గ్రంథాలయాలు, ల్యాబులు సెలవు రోజుల్లో చుట్టుపక్కల బడుల పిల్లలకు తెరవాలి.

విద్యార్థి సంఘాలు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. దరఖాస్తుల కాలంలో మీ మండలంలోని ప్రతి వాడ బడికీ వెళ్ళండి. ఐదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది చేత దరఖాస్తు పెట్టించారు, రెండు అంకెలు రాసుకోండి. పెట్టించని చోట మీరే కూర్చుని పెట్టించండి. ఆ అంకెలు తీసుకుని జిల్లా విద్యాధికారి దగ్గరికి వెళదాం. ఇంతకాలం మన పిల్లల ప్రతిభకు రుజువు అడిగారు. ఇప్పుడు వాళ్ళు ఎక్కడెక్కడ వెతికారో మనం అడుగుదాం.